దుప్పట్ల గోపాలప్ప ఇచ్చిన విరాళం

ఆ ఫోను వచ్చేసరికి గోపాలప్ప, ఆపరేషన్ థియేటర్ వాళ్ళు పంపగా ఉతికిన ఆకుపచ్చ గుడ్డ ఒకటి ట్యూబులైటుకు అడ్డంగా పట్టుకుని చూస్తున్నాడు. నేత పలచబడిందా, సూదిమొనంత కన్నమైనా పడిందా అని ఒక్కో గుడ్డనూ అలా చూడటం ఇరవై ఏడేళ్ళుగా ఆయన పని. వైట్‌ఫీల్డ్‌లోని ద్రోణగిరి హాస్పిటల్లో లాండ్రీ ఉండేది నేలకు రెండంతస్తుల కింద. అక్కడ సిగ్నలు సరిగా అందదు. అందుకని అవతల మాట్లాడుతున్న అమ్మాయి చేత ఆయన అదే ప్రశ్న మూడుసార్లు అడిగించుకున్నాడు.

ధవళ లినెన్ సర్వీసెస్ అనే కంపెనీకి డైరెక్టరు గోపాలప్ప గారు మీరేనా అని ఆమె అడుగుతోంది.

తాను డైరెక్టరు కాననీ, లాండ్రీ సూపర్‌వైజరుననీ ఆయన చెప్పాడు. ఆమె ఆయన తండ్రి పేరు చదివింది. పుట్టిన తేదీ చదివింది. కబ్బన్‌పేటలో ఇంటి నంబరు, సందు పేరుతో సహా చదివింది. ఇవన్నీ మీవే కదా సార్ అంది. ఇలా వివరాలన్నీ గడగడా చదివి, ఆపైన పోలీసులమని భయపెట్టి బ్యాంకులో ఉన్నది ఊడ్చేసేవాళ్ళ గురించి కూతురు స్పందన ఎన్నిసార్లు చెప్పిందో. గోపాలప్ప మారుమాట లేకుండా ఫోను కట్టేశాడు. అంతటితో ఆగక స్విచ్చాఫ్ కూడా చేశాడు.

మళ్ళీ గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు గాని చూపు నిలవలేదు. డైరెక్టరు అన్న మాట తన పేరు పక్కన ఇదివరకు ఎక్కడో వినిపించింది. ఎక్కడో వెంటనే తట్టలేదు. మెట్రోలో ఇంటికి వెళ్తూ ఇందిరానగర్ దాటాక తట్టింది.

గోపాలప్పది పాత బెంగళూరులో మగ్గాల మీద బతికిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు మాట్లాడతారు. చదువు మాత్రం కన్నడంలో, అదీ పదో తరగతి వరకే. తండ్రి పోయాక మగ్గాలు రెండూ అమ్మేయాల్సి వచ్చింది. గోపాలప్ప చిక్‌పేటలో ఒక బట్టల కొట్లో సేల్స్‌మన్‌గా చేరాడు. ఒకరోజు ఆ కొట్టుకు డాక్టర్ మోహన్‌కుమార్ వచ్చాడు. బసవనగుడిలో ముప్పై పడకల నర్సింగ్ హోమ్ తెరుస్తున్నాననీ, దుప్పట్లు కావాలనీ అన్నాడు. యజమాని చూపించిన రకం డాక్టరుకు నచ్చింది. బేరం కుదరబోతుండగా గోపాలప్ప ఉండబట్టలేక, ఆస్పత్రిలో దుప్పట్లను ఉడకబెడతారు కదా, పది ఉడుకులకు ఈ నూలు విడిపోతుందని చెప్పేశాడు. బేరం పోయింది. యజమాని నానా మాటలు అన్నాడు. రెండో రోజు డాక్టరే మనిషిని పంపి పిలిపించి ఉద్యోగం ఇచ్చాడు. ఆ ముప్పై పడకలు ఇప్పుడు ఏడు ఆస్పత్రులయ్యాయి. ద్రోణగిరి అంటే తెలియనివాళ్ళు ఊళ్ళో లేరు. పాత నర్సులు ఆయన్ని ఇప్పటికీ దుప్పట్ల గోపాలప్ప అనే పిలుస్తారు.

ఆరేళ్ళ కిందట కంపెనీ సెక్రటరీ హేమంత్‌కుమార్ ఆయన్ని పై అంతస్తుకు పిలిచాడు. ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. లాండ్రీని వేరే కంపెనీగా చేస్తున్నామనీ, లాండ్రీ గురించి మీకంటే తెలిసినవాళ్ళు ఎవరున్నారనీ, అందుకే డైరెక్టర్లలో మీ పేరు పెడుతున్నామనీ కన్నడంలో చెప్పాడు. ఫోటో, పాన్ కార్డు, ఆధార్ తీసుకున్నాడు. పసుపు చీటీలు అంటించిన చోటల్లా సంతకాలు చేయించుకున్నాడు. పనిలో ఏమీ మారలేదు. జీతంలో రెండు వేలు అలవెన్సు కలిసింది. సంతోషంగా ఇంటికి వెళ్ళి చెబితే భార్య నాగమ్మ ఆ ఆదివారమే ఘాటి సుబ్రహ్మణ్యస్వామి గుడికి వెళ్ళొద్దామని పట్టుబట్టి తీసుకెళ్ళింది. ఆ తర్వాత కూడా ఏడాదికి రెండు మూడుసార్లు పసుపు చీటీల కాగితాలు కిందికి వచ్చేవి. మిషన్ల మోతలో నిలబడే ఆయన సంతకాలు పెట్టి పంపేవాడు. డైరెక్టరన్న మాట మాత్రం మెల్లగా మరుపున పడింది.

ఇల్లు చేరేసరికి ఫోను చేసిన అమ్మాయి చాపమీద కూర్చుని నాగమ్మ ఇచ్చిన కాఫీ తాగుతోంది. పేరు రమ్య. అనంతపురం అమ్మాయి, ఒక వార్తల వెబ్‌సైట్‌లో పనిచేస్తుందట. ఆమె మోసగత్తె కాదని నాగమ్మ అప్పటికే తీర్మానించేసింది.

రమ్య చేతిలోని కాగితాలు ముందు పరిచింది. పార్టీలకు కంపెనీలు పేరు బయటపడకుండా ఎలక్టోరల్ బాండ్లు కొనివ్వడాన్ని కోర్టు కొట్టేసిందనీ, ఎవరు ఎంతకు కొన్నారో, అవి ఏ పార్టీకి చేరాయో బయటపెట్టమందనీ గోపాలప్ప టీవీలో విన్నాడు. విని ఛానల్ మార్చాడు. ఇప్పుడు ఆ జాబితాలో పచ్చరంగు గీసి ఉన్న వరుస మీద రమ్య వేలు పెట్టింది. ధవళ లినెన్ సర్వీసెస్, పదకొండు కోట్లు.

"దీనికి ఇద్దరే డైరెక్టర్లు అంకుల్. ఒకాయన ఉద్యోగం మానేసి దుబాయ్ వెళ్ళిపోయారు. ఇంకొకరు మీరు. ఇంత డబ్బు ఎందుకు డొనేట్ చేశారో మీ వెర్షన్ కావాలి."

గోపాలప్పకు ముందు నవ్వొచ్చింది. డ్రయ్యరు పాడైతే మార్పించుకోవడానికి తను రెండేళ్ళుగా అర్జీలు పెట్టుకుంటున్న లాండ్రీ అది. ఏ పార్టీకి ఇచ్చారట అని అడిగాడు. రెండింటికీ అని రమ్య చెప్పింది. ఏ రెండు పార్టీలో పేర్లు చెప్పగానే ఆయన నవ్వు ఆగిపోయింది. వాటి మనుషులు ఆ సందులోనే పొద్దున లేస్తే ఒకర్నొకరు తిట్టుకుంటారు. ఒకడు జెండా కడితే ఇంకొకడు పీకేస్తాడు.

"ఇద్దరికీ ఏంటికి ఇస్తారమ్మా? ఇద్దరికీ ఇస్తే ఎవురికీ ఇచ్చినట్టు గాదు గదా."

"అదే నేనూ మిమ్మల్ని అడుగుతున్నా అంకుల్."

ఆమె ఇంకో కాగితం తీసింది. బాండ్లు కొన్న రెండు నెలలకు ప్రభుత్వ తాలూకా ఆస్పత్రుల్లో డయాలిసిస్ కేంద్రాలు నడిపే కాంట్రాక్టు ద్రోణగిరికి వచ్చింది. దానికీ దీనికీ సంబంధం ఉందని నేను అనట్లేదు, ఉందా అని అడుగుతున్నాను అంది. గోపాలప్ప తనకు తెలియదన్నాడు. ఇంకేం అడిగినా అదే మాట. తెలియదు, తెలియదు అని అంటున్నకొద్దీ తనకే అది అబద్ధంలా వినిపించసాగింది. వెళ్ళేముందు రమ్య చిన్నగా, మీరు చెప్పింది చెప్పినట్టే రాస్తాను అంది.

ఆమె అలాగే రాసింది. మూడో రోజుకు కన్నడ పత్రికలు కూడా ఆ వార్త ఎత్తుకున్నాయి. కబ్బన్‌పేట సందు ఫోటో, దాని కింద ఆయన పాస్‌పోర్టు ఫోటో పడ్డాయి.

అక్కణ్ణుంచి గోపాలప్పకు ఏది నిజమో, ఎవరికి ఏం చెప్పాలో పాలుపోని రోజులు మొదలయ్యాయి. ఆయన అమాయకంగా సంతకాలు పెట్టి ఉంటాడని ఆ సందులో ఒక్కరూ అనుకోలేదు. ఎదురింటి పెద్దాయన ఇన్నాళ్ళూ బీదవాడిలా భలే ఉన్నావని మెచ్చుకున్నాడు. టైలరు పలకరించడం మానేశాడు. ఒక పార్టీ కుర్రకారుకు నాయకుడైన చేతన్ శాలువా పట్టుకుని ఇంటికొచ్చి, మా పార్టీకి మీరు చేసిన సాయం పైవాళ్ళకు తెలిసింది అన్నా, వార్డు సమావేశంలో వేదిక మీద కూర్చోవాలి అన్నాడు. అది నేనివ్వలేదు నాయనా అని గోపాలప్ప అంటే చేతన్ కన్నుగీటి, అర్థమైంది, గుట్టుగా ఉంచుతామన్నాడు. అతను మెట్లు దిగుతుండగానే రెండో పార్టీ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. మేం మరిచిపోతామనుకోకండి, మీ ఇంటికీ వస్తాం అన్నారు. అది ఆప్యాయతో బెదిరింపో గోపాలప్పకు తెలియలేదు. శాలువా ఎక్కడ పెట్టాలో కూడా తెలియలేదు. నాగమ్మ దాన్ని మడిచి బియ్యం డబ్బా వెనక దాచింది.

స్పందన ఒక కాలేజీలో కామర్స్ చెబుతుంది. ఎవరూ పనిచేయని, పేరుకు మాత్రం ఉండే కంపెనీలు ఎలా పెడతారో ఆమె క్లాసులో చెప్పే పాఠమే. ఆ రోజు పాఠం మధ్యలో ఒక విద్యార్థి ఫోను ఎత్తి చూపించి, మేడమ్ ఈయన మీ నాన్నగారా అని అడిగాడట. ఇంటికి రాగానే ఆమె తండ్రిని నిలదీసింది.

"చదవకుండా సంతకం పెట్టినావా నాయనా? అన్నిటికీ?" అంది.

"ఇంగ్లీషులో ఉంటాది గదమ్మా. చదివితే మటుకు నాకేం తెలుస్తాది? డాక్టరు దగ్గర నుంచి వచ్చిండే కాగితం అనుకుంటి."

ఆమె కోపం అక్కడితో నీరుగారిపోయింది. కంపెనీ నుంచి ఇక ఏ కాగితం వచ్చినా ఇంటికి తెచ్చి తనకు చూపించమని మాత్రం ఒట్టు వేయించుకుంది.

మర్నాడు గోపాలప్ప తనంతట తానే పై అంతస్తుకు వెళ్ళాడు. హేమంత్‌కుమార్ కోప్పడలేదు. చాలా మర్యాదగా మాట్లాడాడు. అది మరీ కలవరపెట్టింది. కొన్న రోజున ఆ బాండ్లు చట్టబద్ధమేననీ, చట్టం చేసింది పార్లమెంటనీ, కోర్టు తర్వాత ఎప్పుడో కొట్టేస్తే అప్పుడు చేసిన పని తప్పెలా అవుతుందనీ అడిగాడు. అది సబబుగానే అనిపించింది. ఆపైన ఒక ఫైలు తెరిచి చూపించాడు. ధవళ లినెన్ డైరెక్టర్లు సమావేశమై, చర్చించి, ప్రజాస్వామ్యానికి చేయూతగా విరాళం ఇవ్వాలని ఏకగ్రీవంగా తీర్మానించారని అందులో ఉందట. కింద గోపాలప్ప సంతకం ఉంది. కన్నడ లిపిలో, చివర తోకతో, అచ్చంగా ఆయన సంతకమే. తాను చర్చించానని రాసి ఉన్న ఆ సమావేశం ఎక్కడ జరిగిందో, దుబాయ్ వెళ్ళిపోయిన ఆ మనిషి మొహం ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోవడానికి ఆయన నిజంగానే ప్రయత్నించాడు.

హేమంత్‌కుమార్ ఒక కొత్త కాగితం ముందుకు జరిపాడు. ఇంతకంటే చేయాల్సింది ఏమీ లేదు, ఇది పత్రికలకు ఇచ్చే ప్రకటన, అన్నీ ఆలోచించి మనస్ఫూర్తిగా ఈ నిర్ణయం తీసుకున్నానని మీరు చెబుతున్నట్టు, ఇక్కడ సంతకం పెట్టండి అన్నాడు. గోపాలప్ప కాగితాన్ని నాలుగు మడతలు వేసి చొక్కా జేబులో పెట్టుకుని, ఇంటికి తీసుకెళ్ళి చూసి చెబుతానన్నాడు. ఇరవై ఏడేళ్ళలో ఆయన ఆ మాట అనడం అదే మొదలు. హేమంత్‌కుమార్ కళ్ళద్దాలు తీసి ఆయన వైపు చూశాడు.

డాక్టర్ మోహన్‌కుమార్‌కు డెబ్బై రెండేళ్ళు. వ్యాపారమంతా ఇప్పుడు కొడుకులదీ మేనేజర్లదీ. ఆయన మాత్రం పొద్దుటిపూట బసవనగుడిలోని మొదటి ఆస్పత్రికి వచ్చి పాత రోగులను చూసి పోతాడు. గోపాలప్ప ఆదివారం పొద్దున రోగులతో పాటు వరుసలో కూర్చున్నాడు. నర్సు పిలిచినప్పుడు లోపలికి వెళ్ళాడు. డాక్టరు చింతామణి వైపు మనిషి, ఇద్దరిదీ ఒకే తెలుగు.

"రా గోపాలప్పా, కూర్చో," అన్నాడు డాక్టరు. "నువ్వు వస్తావని తెలుసు."

గోపాలప్ప దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ మరిచిపోయాడు. ఒక్కటే మిగిలింది.

"ఏంటికి ఇచ్చినాం సార్?"

ఇచ్చినాం అని తన నోటి నుంచి ఎందుకు వచ్చిందో ఆయనకే తెలియదు. డాక్టరు బీపీ మిషను గొట్టాన్ని వేళ్ళకు చుట్టుకున్నాడు.

"ఆస్పత్రి అంటే రోగులు, మందులు అనుకుంటివి నువ్వు. నేనూ అట్లే అనుకుంటి. ప్రతిదానికీ ఒక కాగితం ఉండాది గోపాలప్పా. స్థలానికి, నీళ్ళకి, లిఫ్టుకి. అది ఎవరి టేబుల్ మీదనో ఆగిపోతాది. ఎవురూ నోరు తెరిచి అడగలేదు. ఒకాయన వచ్చి కాఫీ తాగి, ఎలక్షన్లు వస్తా ఉండాయి డాక్టర్ సారూ అన్నాడు. అంతే. వారానికి ఇంకో పార్టీ ఆయన వచ్చి అదే మాట అన్నాడు. ఇద్దరికీ ఇచ్చేస్తే ఎవురూ జోలికి రారని పిల్లోళ్ళు అన్నారు. నేను సరే అంటి."

"డయాలిసిస్ కాంట్రాక్టు దానికే వచ్చిందా సార్?"

"నాకి తెలీదు. నిజంగా తెలీదప్పా. ఇయ్యకపోయినా వచ్చిండునేమో. మన రేటు అందరికంటే తక్కువే. ఇప్పుడు దాన్ని ఎట్లా తెలుసుకునేది చెప్పు?"

గోపాలప్ప తలవంచుకుని, మరి నా పేరెందుకు పెట్టారని అడిగాడు. గది బయట ఎవరో దగ్గుతున్నారు. డాక్టరు లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"ఆస్పత్రి పేరుతో ఇస్తే రోగులు ఏమనుకుంటారో అని వేరే పేరు కావాల్సి వచ్చె. ఎవుర్ని పెట్టల్ల అని హేమంత్ అడిగితే నేనే నీ పేరు చెప్పినా. నీ మీద నమ్మకం. నువ్వయితే ఏమీ అడగవని."

గోపాలప్పకు కోపం రావాలి. వచ్చిందో లేదో ఆయనకే తెలియలేదు. తొమ్మిదేళ్ళ కిందట నాగమ్మకు గర్భసంచి ఆపరేషను ఈ గదికి నాలుగు గదుల అవతలే, ఈ చేతులే చేశాయి. బిల్లు వద్దన్నాడు. తనకూ నాగమ్మకూ ఆ చేతుల మీద ఉన్న గౌరవం ఈ ఒక్క మాటతో చెరిగిపోయేది కాదు. అలాగని ఆ మాట గొంతు దిగేదీ కాదు. బయటికి వచ్చి నడుస్తూ లెక్కచూసుకుంటే ఇంకో చిక్కు కనిపించింది. కొట్లో నోరు విప్పాడని ఉద్యోగం ఇచ్చిన మనిషి, నోరు విప్పడని డైరెక్టరును చేశాడు. తనలో ఏం చూసినట్టు? ఇన్నేళ్ళలో తాను మారాడా, లేక డాక్టరు మారాడా? ఆ సంగతి తేలక ఆయన ఎక్కాల్సిన బస్సు ఎక్కకుండా మార్కెట్టు దాకా నడిచేశాడు.

మర్నాడు సెలవు పెట్టి, కోలారు దారిలో ఉన్న ఒక తాలూకా ఆస్పత్రికి వెళ్ళాడు. తన పేరు మీద జరిగిన దానికి ఫలం అంటున్న ఆ డయాలిసిస్ కేంద్రం ఎలా ఉందో కంటితో చూడాలనిపించింది. ఎందుకని నాగమ్మ అడిగితే చెప్పలేకపోయాడు. గోడలకు లేత నీలం రంగు వేసిన పొడుగాటి గది. ఎనిమిది మంచాలు, ఎనిమిది మిషన్లు. రెండు మిషన్ల మీద ప్లాస్టిక్ కవరు కప్పి ఉంది. కిటికీ పక్క మంచం మీద భాగీరథమ్మ అనే ఆమె ఉంది. అరవై దాటిన రైతు మనిషి. ఎవరి తాలూకో ఏమో అనుకుని ఆమే గోపాలప్పను పలకరించింది.

ఇంతకు ముందు వారానికి మూడుసార్లు కొడుకు బండి మీద బెంగళూరు తీసుకెళ్ళేవాడనీ, తెల్లవారుజామున బయలుదేరితే చీకటి పడ్డాక ఇల్లు చేరేవాళ్ళమనీ, వాడి వ్యవసాయం అలాగే మూలపడిందనీ చెప్పింది. ఇప్పుడు నడిచి వస్తుందట. ఆ రెండు మిషన్లు మూడు నెలలుగా చెడిపోయి ఉన్నాయనీ, ఎన్ని తూర్లు అడిగినా రేపు రేపంటారనీ కూడా అదే గొంతుతో చెప్పింది.

"ఇది ఎవురు పెట్టించినారో తెలుసా అమ్మా?" అని గోపాలప్ప అడిగాడు.

"గౌర్మెంటోళ్ళని ఒకరంటారు, బెంగళూరు ఆస్పత్రోళ్ళని ఒకరంటారు. ఎవురైతే ఏమప్పా. వాళ్ళు సల్లంగా ఉండల్ల."

ఆ దీవెన తనకు తగిలితే బాగుండునో, తగలకపోతే బాగుండునో ఆయనకు తెలియలేదు. గదిలో ఆ మూలా ఈ మూలా చూశాడు. రోగులంతా మంచివాళ్ళే. నర్సు ఓపికగా ఉంది. లంచమంటే ఎక్కడో చీకట్లో, పాడు మొహాల మధ్య జరిగేదని ఆయన ఇన్నాళ్ళూ ఊహించుకున్నాడు. ఇది అదేనా, కాదా? కాకపోతే అంత గుట్టెందుకు? అవునైతే భాగీరథమ్మ మళ్ళీ కొడుకు బండెక్కి బెంగళూరు పోవాలా? తిరుగు బస్సులో పక్కన కూర్చున్నాయన ఏదో అడిగితే వినపడక మూడుసార్లు ఏమన్నారని అడిగాడు.

ఇంటికి వచ్చాక స్పందన ఆ మడతల కాగితాన్ని చదివి, వాక్యం వాక్యం తెలుగులో చెప్పింది. దీర్ఘంగా ఆలోచించి, ఎవరి ఒత్తిడీ లేకుండా, దేశ ప్రజాస్వామ్యం పట్ల నాకున్న నిబద్ధతతో అని ఉంది. నిబద్ధత అంటే ఏమిటని గోపాలప్ప అడిగాడు. ఆమె చెప్పింది. అది నాకు లేదని కాదు గాని, దాని కోసం ఇచ్చింది కాదు గదా అన్నాడు ఆయన. సంతకం పెట్టలేదు. దాని బదులు ఒక తెల్లకాగితం మీద కన్నడంలో తన చేత్తో రాశాడు. ఆ కాగితాల మీద సంతకం తనదేననీ, అందులో ఏముందో తనకు చదివి చెప్పలేదనీ, తాను ఏ సమావేశానికీ వెళ్ళలేదనీ, తన పేరు డైరెక్టర్ల నుంచి తీసేయమనీ నాలుగు వాక్యాలు. డాక్టరు గురించి ఏమీ రాయలేదు. రాయాలని స్పందన వాదించింది. డాక్టరు తనతో ఒంటరిగా, మనసు విప్పి చెప్పిన మాట కాగితం మీద పెట్టలేననీ, అది తప్పో ఒప్పో తెలియదనీ ఆయన అన్నాడు. తండ్రీ కూతుళ్ళు ఆ విషయం మీద రెండు రోజులు మాట్లాడుకోలేదు.

ఒక ప్రతి హేమంత్‌కుమార్‌కు ఇచ్చాడు. ఒకటి రమ్యకు ఇచ్చాడు. హేమంత్‌కుమార్ చదివి, దీనివల్ల మీకే చిక్కు, నిర్లక్ష్యంగా సంతకం పెట్టడం కూడా డైరెక్టరు తప్పే అన్నాడు. స్పందనను అడిగితే అది కూడా నిజమేనంది.

ఏప్రిల్ ఆఖరి శుక్రవారం లోక్‌సభ ఎన్నికల పోలింగు. కబ్బన్‌పేట స్కూలు గేటుకు కొంచెం దూరంలో రెండు పార్టీల వాళ్ళు బల్లలు వేసుకుని ఓటరు చీటీలు రాసిస్తున్నారు. గోపాలప్ప, నాగమ్మ కనిపించగానే చేతన్ లేచి నిలబడి కుర్చీ చూపించాడు. అవతలి బల్ల వాళ్ళు కూడా లేచారు. రెండు బల్లల దగ్గరా ఆగకుండా ఆయన నేరుగా వరుసలోకి వెళ్ళాడు.

లోపల వేలికి సిరా పూయించుకుని అట్టపెట్టె మరుగుకు వెళ్ళాడు. ముందు గుర్తుల వరుస. పద్దెనిమిదో ఏట నుంచి ఎన్నిసార్లు ఓటు వేశాడో, ఎప్పుడూ ఇంత ఆలోచించింది లేదు. ఇంట్లో పెద్దలు వేసేదానికే వేసేవాడు, తర్వాత అలవాటుగా అదే. ఇప్పుడు ఆ గుర్తు కింద కోట్లు, దాని పక్క గుర్తు కింద కోట్లు, రెండు చోట్లా తన సంతకం. తాను ఇచ్చినవాళ్ళకే తాను ఓటు కూడా వేయాలా? ఇవ్వనివాళ్ళకు వేద్దామంటే కింద ఉన్న పేర్లలో ఒక్కరూ ఎవరో తెలియదు. వాళ్ళకు ఇంకెవరి గోపాలప్ప ఇచ్చాడో. అన్నిటికంటే కింద ఎవరూ వద్దనే బటను ఉంది. దాని మీద వేలు పెట్టి మళ్ళీ తీశాడు. ఎవరూ వద్దంటే ఆ డయాలిసిస్ మిషన్లకు నీళ్ళెవరు ఇప్పిస్తారు, కరెంటు ఎవరు ఇప్పిస్తారు?

ఏమైంది, మిషను పనిచేయడం లేదా అని పోలింగు అధికారి కేకేశాడు. వెనక వరుసలో ఎవరో నవ్వారు. గోపాలప్ప ఒక బటను నొక్కాడు. పీ మని చాలాసేపు మోగింది. పక్క మిషను అద్దం వెనక చీటీ కనిపించి లోపల పడిపోయింది. చెమటకు కళ్ళద్దాలు మసకబారి ఉండటంతో దాని మీద ఏముందో ఆయన కంటికి ఆనలేదు.

"ఎవరికేస్తివి?" అంది నాగమ్మ బయటికి వచ్చాక.

"ఒకదానికి ఏసినా."

"అదే, దేనికి?"

"అడగద్దు నాగా. నాకే సరిగ్గా తెలీదు."

ఆమె నమ్మలేదు. మగవాళ్ళ గుట్టు అనుకుంది. ఆయన మాత్రం ఆ రోజంతా, వేలు రెండో వరుసలో పెట్టానా మూడో వరుసలోనా అని తలుచుకుంటూనే ఉన్నాడు.

జూన్‌లో ఆయన రాజీనామా ఆమోదించినట్టు కాగితం వచ్చింది. డైరెక్టరు స్థానంలో క్యాంటీను చూసుకునే పెద్దమునియప్పను పెట్టారు. గోపాలప్ప పనిగట్టుకుని క్యాంటీనుకు వెళ్ళి, కాగితాలు చదివించుకోకుండా సంతకం పెట్టొద్దప్పా అని చెప్పాడు. పెద్దమునియప్ప ఆయనకు అసూయగా ఉందనుకున్నాడు. గోపాలప్పను ఉద్యోగం నుంచి తీసేయలేదు గాని దేవనహళ్ళి దగ్గర కొత్తగా తెరిచిన ఆస్పత్రికి బదిలీ చేశారు. అక్కడ లాండ్రీ లేదు, దుప్పట్లు బయట ఉతికించుకొస్తారు. వచ్చిన మూటలు సరిచూసుకోవడమే పని. అది శిక్షో కాదో ఆయన అడగలేదు. జీతం అంతే ఉంది, అలవెన్సు తీసేశారు.

డాక్టరు నుంచి ఏ కబురూ రాలేదు. దసరాకు మాత్రం ఎప్పటిలాగే పాత సిబ్బంది అందరితో పాటు గోపాలప్ప ఇంటికీ పంచె, చీర వచ్చాయి. పంచె ఎవరు నేశారో గాని మంచి నూలు. కట్టుకోవాలా, తిప్పి పంపాలా అని ఆయన నాగమ్మను అడిగాడు. నువ్వే చెప్పు అంది ఆమె. ఇద్దరూ చెప్పలేక దాన్ని బీరువాలో పెట్టారు.

కోరమంగలలోని కంపెనీల రిజిస్ట్రారు ఆఫీసు నుంచి రెండుసార్లు పిలుపు వచ్చింది. రెండుసార్లూ వేరువేరు అధికారులు, ప్రశ్న మాత్రం ఒకటే. మీరు ఎందుకు ఇచ్చారు? తాను ఇవ్వలేదని ఒకసారి చెప్పాడు. సంతకం మీదే కదా అన్నారు. అవునన్నాడు. రెండోసారి ముందుగానే సంతకం నాదే అన్నాడు, అయితే ఇచ్చింది మీరే కదా అన్నారు. దానికి ఏం చెప్పాలో ఆలోచిస్తుంటే ఇక వెళ్ళొచ్చన్నారు. మూడోసారి పిలుస్తామన్నారు. ఇంకా పిలవలేదు. ఈమధ్య రమ్య ఫోను చేసి ఎలా ఉన్నారు అంకుల్ అని అడిగితే, బాగానే ఉన్నానమ్మా, ఆ విషయం మాత్రం ఇంకా నాకు అర్థం కాలేదు, నీకేమైనా తెలిస్తే చెప్పు అన్నాడు.